పైనుంచి బిల్లు రాలేదంట

మా తాండాలో అవ్వల దగ్గర పెరిగే పిల్లలు "అమ్మ ఎప్పుడొస్తాది?" అని అడిగితే వచ్చే జవాబు ఏళ్ళ తరబడి ఒకటే. "పైనుంచి బిల్లు రాలేదంట నాయనా. బిల్లు వస్తానే వచ్చేస్తారంట." ఆ పై ఎక్కడుందో అవ్వకు తెలియదు, పిల్లలకు తెలియదు. ఆరంతస్తులు ఎక్కి స్లాబు పోసొచ్చిన మాకూ తెలియదు. పైనుంచి వాన రాలేదని ఊరు విడిచి పోయినాం. పోయిన చోట బిల్లు కూడా పైనుంచే రావాలని తెలిసింది.

కంబదూరు మండలం సంగతి ఈ పుస్తకం చదివే చాలామందికి తెలిసిందే. జిల్లాలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా చెనిక్కాయకు ఊడలు దిగే వేళకు మొహం చాటేస్తుంది. విత్తనానికి తెచ్చిన అప్పు మాత్రం మిగులుతుంది. ఆ అప్పు మోసుకుని పావగడ దారి పట్టి బెంగళూరు చేరడం మా సుగాలీ తాండాలకు అలవాటైపోయింది. తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం తోలుకుపోయారని చెప్పుకుంటాం. మేము తల మీద ఇటుక మోస్తున్నాం. వలస కన్నీళ్ళ గురించి ఇప్పటికే చాలా రాసుకున్నాం, పాడుకున్నాం. ఇక్కడ మాత్రం ఒక్క లెక్క గురించే మాట్లాడదలచుకున్నాం. చేసిన పనికి డబ్బు ఎన్ని రోజుల్లో రావాలి? ఎవరు ఇవ్వాలి?

ముందు మా లెక్క చెప్తాం. మూడేళ్ళ కిందట మా తాండా నుంచి ఏడు జంటలు బెంగళూరు శివార్లలో ఒక అపార్ట్‌మెంటు పనికి పోయినాయి. మగవాళ్ళకు రోజుకు 800, ఆడవాళ్ళకు 550 అన్నారు. (అదే కాంక్రీటు, అదే బొచ్చె, కూలి మాత్రం తక్కువ. ఆ తగువు వేరే వ్యాసానికి ఉంచుకుంటాం.) ఆదివారం ఆదివారం బట్వాడా అన్నారు. తొలి నెల సరిగ్గానే ముట్టింది. రెండో నెల నుంచి ఖర్చులకని జంటకు వారానికి రెండు వేలు చేతిలో పెట్టి, "మిగతాది బుక్కులో ఉంది" అన్నారు. జంట కూలి వారానికి 8,100. చేతికొచ్చింది 2,000. అంటే ప్రతి ఆదివారం 6,100 బుక్కులోకి పోయింది. తొమ్మిది వారాలు అట్లా గడిచాయి. ఒక్కో జంటకు 54,900 రూపాయలు. ఏడు జంటలకు కలిపి 3,84,300. కూడికలు చేసింది ఏడో తరగతి చదివే మా తాండా పిల్ల. మేము రెండుసార్లు సరిచూసుకున్నాం.

పదో వారం బట్వాడా లేదు. సబ్ కాంట్రాక్టరు ఫోను ఎత్తలేదు. మమ్మల్ని తీసుకుపోయిన గుంపు మేస్త్రీ మా తాండావాడే, కొందరికి వరసకు బావ. "పైనుంచి బిల్లు రాలేదు బావా, నేనేం చేసేది?" అన్నాడు. అతను అబద్ధమాడలేదు. తన మోటారు సైకిలు అమ్మి, భార్య వెండి కడియాలు కుదువ పెట్టి జంటకు అయిదు వేలు తెచ్చిచ్చాడు. తర్వాత మొహం చూపించలేక తిరగడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ తాండాకు పగటి పూట రాడు. మేము సైటు ఆఫీసుకు పోతే అక్కడున్న ఇంజనీరు రిజిస్టరు తిరగేసి, "మీ పేర్లు ఇందులో లేవు" అన్నాడు. మేము పోసిన స్లాబు మా నెత్తి మీదనే ఉంది. మా పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఆ ఏడాది మా తాండాలో ముగ్గురు పిల్లలు బడి మానేశారు. టీచరు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని బడికి పంపండి అని చెప్పి పోయినాడు. బడికి పంపకపోవడానికి కారణం అజ్ఞానం అని ఆయన అనుకుని ఉండొచ్చు. కారణం బుక్కులో ఉన్న 54,900. డబ్బు ఇస్తారేమోనని అమ్మానాన్నలు అక్కడే రేకుల షెడ్డులో కాచుకుని ఉంటే, చంటిబిడ్డను చూసుకునేదానికి పెద్దపిల్లను పిలిపించుకున్నారు. కూలి ఆపేది ఇందుకే. బాకీ ఉన్నంత కాలం కూలి మనిషి సైటు విడిచి పోడు. వచ్చేటప్పుడు అడ్వాన్సు కట్టేస్తుంది, పోయేటప్పుడు బాకీ కట్టేస్తుంది.

ఈ గొలుసును టీచర్లు ఒకసారి నల్లబల్ల మీద గీసి పిల్లలకు చూపించాలని మా కోరిక. అట్టడుగున మేము. మా పైన గుంపు మేస్త్రీ. అతని పైన లేబర్ కాంట్రాక్టరు. ఆ పైన సెంట్రింగుకు ఒకరు, కడ్డీ పనికి ఒకరు, కాంక్రీటుకు ఒకరుగా సబ్ కాంట్రాక్టర్లు. వాళ్ళ పైన పెద్ద కాంట్రాక్టరు, ఆపైన బిల్డరు. బిల్డరుకు డబ్బు ఇచ్చేది ఇల్లు కొనుక్కునేవాళ్ళు, బ్యాంకులు. డబ్బు పైనుంచి కిందికి దిగుతూ మెట్టు మెట్టుకీ ఆగుతుంది. కొలతలు తీసుకోలేదని ఒక మెట్టులో, సంతకం కాలేదని ఇంకో మెట్టులో. పని బాగుందో లేదో తేలేదాకా నిలుపుదల సొమ్మని నూటికి అయిదో పదో పట్టుకుంటారు. పైవాళ్ళకు నూటికి అయిదు ఆపితే అది పెద్ద వివాదం. మా దగ్గర నూటికి డెబ్బై అయిదు ఆపారు. దానికి పేరు కూడా లేదు.

కాంట్రాక్టర్లు కూడా ఒక చట్టం కావాలంటున్నారు. ప్రభుత్వం బిల్లులు ఏళ్ళ తరబడి ఆపుతోంది, గడువు పెట్టాలి, గడువు దాటితే వడ్డీ కట్టాలి అంటున్నారు. న్యాయమైన మాటే. ఉపాధి హామీ పనుల బిల్లులు ఆగిపోయినప్పుడు కాంట్రాక్టర్లు కోర్టుకు పోతే, 2021లో మన రాష్ట్ర హైకోర్టు 12 శాతం వడ్డీతో చెల్లించమంది. సరుకు అమ్మే చిన్న పరిశ్రమలకయితే 2006 నాటి చట్టం ఉంది. 45 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. 2024 నుంచి ఆదాయపు పన్నులో కూడా దానికి మెలిక పెట్టారు. గడువులోపు చెల్లించని బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు.

బయటి దేశాలు ఇంకా ముందుకు పోయినాయి. 1996లో బ్రిటన్ చేసిన చట్టం ప్రకారం, నాకు పైనుంచి డబ్బు వస్తేనే నీకిస్తానని నిర్మాణ ఒప్పందంలో రాసుకుంటే ఆ షరతు చెల్లదు. పైవాడు దివాలా తీస్తే తప్ప. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ 1999లో, సింగపూర్ 2004లో ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి. కెనడాలోని ఒంటారియోలో 2019 అక్టోబరు నుంచి సరైన బిల్లు అందిన 28 రోజుల్లో యజమాని చెల్లించాలి. డబ్బు అందిన 7 రోజుల్లో కాంట్రాక్టరు తన కిందివాడికి ఇవ్వాలి. ఆ కిందివాడు ఇంకో 7 రోజుల్లో తన కిందివాడికి ఇవ్వాలి. ఆ చట్టంలో మాకు బాగా నచ్చిన ముక్క ఇంకొకటుంది. పైనుంచి రాలేదని చెప్పేవాడు ఆ మాటను కాగితం మీద నోటీసుగా రాసివ్వాలి. తన పైవాడి మీద తగువు తీర్చే అధికారి దగ్గరికి పోతానని కూడా అందులోనే మాటివ్వాలి. మా మేస్త్రీ బావకు సబ్ కాంట్రాక్టరు అలాంటి కాగితం ఒకటి రాసిచ్చి ఉంటే, ఈరోజు అతను పట్టపగలు తాండాకు వచ్చేవాడు.

ఇంతవరకూ కాంట్రాక్టర్లతో మాకు పేచీ లేదు. వాళ్ళు చెప్పే తర్వాతి మాటతోనే పేచీ. "ముందు మా బిల్లులు టయానికి ఇప్పించండి, కూలీలకు దానంతట అదే అందుతుంది" అంటారు. దానంతట అదే కిందికి దిగేది నీరొక్కటే. మా జిల్లాలో అదీ దిగదు. డబ్బు ఎవరో ఒకరు దింపితేనే దిగుతుంది.

రుజువు కావాలంటే 1982కు పోదాం. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం స్టేడియాలు, ఫ్లై ఓవర్లు కట్టారు. కట్టించింది ప్రభుత్వ సంస్థలు. కట్టింది పల్లెల నుంచి జమాదార్లు తెచ్చిన కూలీలు. అప్పటి కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. కూలీల చేతికొచ్చింది 8 రూపాయల 25 పైసలు. మధ్యలో రూపాయి జమాదారు కమీషను. పౌరహక్కుల సంస్థ పీయూడీఆర్ సుప్రీంకోర్టుకు పోతే, కనీస కూలి కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ అవుతుందని న్యాయమూర్తి భగవతి తీర్పు రాశారు. వాళ్ళు కాంట్రాక్టరు మనుషులు కదా అని ప్రభుత్వం చేతులు దులుపుకోవడం కుదరదని కూడా ఆ తీర్పులోనే ఉంది. అక్కడ పైనున్నది దేశ రాజధానిలోని సర్కారే. అయినా కింద రూపాయి కోత తప్పలేదు.

"మీకు చట్టాలు ఎప్పటినుంచో ఉన్నాయి కదా" అనే ఆఫీసర్లకు ఇప్పుడు జవాబు చెప్పాలి. ఉన్నాయి. లేవని మేము అనలేదు. నెల కూలిని మరుసటి నెల ఏడో తేదీలోపు ఇవ్వాలని 1936 చట్టమే చెప్పింది. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమాని ఇవ్వాలని 1970 చట్టం చెప్పింది. రాష్ట్రం దాటి పోయేవాళ్ళకు కూలికి అదనంగా స్థానభ్రంశ భత్యం ఇవ్వాలని 1979 చట్టం చెప్పింది. ఆ భత్యం అందుకున్న మనిషిని మా తాండాలో మేమెవరమూ చూడలేదు. కొత్త కోడ్‌లో ఆ మాటే తీసేశారు. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి ఈ పాత చట్టాలన్నీ వాటిలో కలిసిపోయాయి.

కాగితం మీద చూస్తే ఇటుకలు అమ్మినవాడికన్నా ఇటుకలు మోసినవాళ్ళకే గడువు తక్కువ. రోజు కూలి అయితే ఆ పూట పని ముగిసేసరికి ఇవ్వాలి. వారం కూలి వారపు సెలవుకు ముందు రోజే ఇవ్వాలి. పని మానేసినా, మానిపించినా రెండు పనిరోజుల్లో బాకీ అంతా తీర్చాలి. మా వాళ్ళు ఉగాదికి సెటిల్‌మెంటు అంటే తల ఊపి వచ్చేస్తున్నారు. చట్టంలో ఉగాది లేదు. పైనుంచి బిల్లు అనే మాట కూడా ఆ గడువుల్లో ఎక్కడా లేదు.

అయితే చిక్కు ఎక్కడుంది? పనిచేయించినవాడు ఎవరో తేల్చడంలో ఉంది. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు పాత చట్టం కింద 20 మందికి పైబడితే వర్తించేవి. కొత్త కోడ్‌లో ఆ సంఖ్యను 50 చేశారు. మేము పద్నాలుగు మందిమి. మాలాంటి గుంపులను ముక్కలు ముక్కలుగా చూపించి అందరినీ లెక్క బయట పెట్టడం ఇప్పుడు ఇంకా తేలిక. దీన్ని సంస్కరణ అంటున్నారు. ఎవరికి?

ప్రభుత్వమే యజమాని అయినచోట కూడా కథ పెద్దగా మారలేదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. 15 రోజుల్లో కూలి ఇవ్వాలి, దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలి అన్నారు. ఏడాదికి లెక్కేస్తే 18 శాతం దాటుతుంది, తక్కువేం కాదు. కానీ ఆలస్యాన్ని లెక్కగట్టేది ఆలస్యం చేసినవాళ్ళే. రాష్ట్రం కాగితం పంపించిన తర్వాత కేంద్రం దగ్గర జరిగిన ఆలస్యాన్ని చాలాకాలం ఆ లెక్కలోకే తీసుకోలేదు. గడియారం వాళ్ళ చేతిలో ఉంటే గడువు మన చేతిలో ఉండదు.

సర్కారు తలచుకుంటే ఎంత చురుగ్గా కదులుతుందో 2020 మే నెలలో చూశాం. లాక్‌డౌనులో పని లేక, కూలి రాక, వలస కార్మికులు ఇళ్ళకు పోతామంటే వాళ్ళ కోసం ప్రత్యేక రైళ్ళు వేశారు. కర్ణాటక ముఖ్యమంత్రి బిల్డర్లతో మాట్లాడిన రోజే ఆ రాష్ట్రం రైళ్ళు వద్దని రైల్వేకు రాసింది. దేశమంతా తిట్టిపోసిన మీదట రెండు రోజులకు మళ్ళీ ఒప్పుకుంది. కూలీలు పోతే పని ఆగుతుందని ఒక్క సాయంత్రంలో రైళ్ళు ఆపగలిగారు. కూలి ఆగితే బిల్లు ఆపడానికి మాత్రం ఒక్క సాయంత్రం దొరకదు.

మేము అడిగేది ఆ పనే. కూలి ముట్టకపోతే బిల్లు ఆగాలి. ఇప్పుడు బిల్లు ఆగిందని కూలి ఆపుతున్నారు. దాన్ని తలకిందులు చేయాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. 2016 రెరా చట్టం ప్రకారం ఇల్లు కొనేవాళ్ళు కట్టిన డబ్బులో 70 శాతాన్ని బిల్డరు ఒక ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. భూమికీ నిర్మాణానికీ తప్ప అందులోంచి తీయకూడదు. తీయాలంటే ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ పని ఇంత మేరకు అయిందని రాసివ్వాలి. అంటే ఆరో స్లాబు పడిందని ముగ్గురు చదువుకున్నవాళ్ళు సంతకం పెట్టిన తర్వాతే ఆ డబ్బు కదులుతుంది. ఆ స్లాబు పోసినవాళ్ళకు కూలి ముట్టిందని ఒక్క కాగితం కూడా అడగరు. ఆ మూడు కాగితాల పక్కన నాలుగోది చేర్చండి. పోయిన నెల ఈ సైటులో పనిచేసినవాళ్ళు వీళ్ళు, వీళ్ళ ఖాతాల్లో పడిన కూలి ఇది, అని. మేస్త్రీ పేరు మీద ఒక మొత్తం రాస్తే చాలదు, మనిషి మనిషికీ రాయాలి. ప్రభుత్వ పనులకయితే రన్నింగ్ బిల్లుకే ఆ కాగితం జత చేయాలి. అది చేరిస్తే కాంట్రాక్టర్లు అడిగే గడువు చట్టానికి మేమూ జెండా పట్టుకుని వెంట నడుస్తాం. చేర్చకపోతే ఆ చట్టం సబ్ కాంట్రాక్టరు గడప దాకా వచ్చి ఆగిపోతుంది. మాకు అది రేకుల షెడ్డు బయట నుంచి కనబడే పెళ్ళి ఊరేగింపు లాంటిది.

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం 1791లోనే, వాషింగ్టన్ రాజధాని కడుతున్న రోజుల్లో, కట్టినవాళ్ళకు బాకీ తీరేదాకా ఆ కట్టడం మీదే హక్కు ఇచ్చింది. ఆ మాట విన్నప్పుడు మా ముసలాయన ఒకరు నవ్వి, "అయితే ఆరో అంతస్తు మనదేనా?" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు గానీ, అది ఎందుకు కాకూడదో మాకెవరూ సరిగ్గా చెప్పలేదు.

ఆ చట్టం ఎప్పుడొస్తుందో గానీ, ఇప్పుడే చేతిలో ఉన్నదాన్ని వాడుకోవడం మొదలుపెట్టాలి. వేతనాల కోడ్ 43వ సెక్షన్లో ఒక మాట ఉంది. పనిలో పెట్టుకున్నవాడు కూలి ఇవ్వకపోతే, ఆ పని జరిగే సంస్థ యజమాని అయిన కంపెనీయే బాధ్యత వహించాలని. దానికి 20 మంది, 50 మంది అనే లెక్క లేదు. పద్నాలుగు మందికైనా వర్తిస్తుంది, ఒక్కరికైనా వర్తిస్తుంది. బాకీ పడిన నాటి నుంచి మూడేళ్ళలోపు దావా వేయొచ్చు. కార్మికుడు వేయొచ్చు, రిజిస్టరయిన సంఘం వేయొచ్చు. అధికారి తలచుకుంటే బాకీకి పది రెట్ల దాకా పరిహారం వేయొచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి, కూలి ఇచ్చానని రుజువు చేసుకోవాల్సిన భారం ఇవ్వాల్సినవాడి మీదే పెట్టారు. ఇవ్వలేదని మనం రుజువు చేయనక్కర్లేదు. కానీ అక్కడ పనిచేశామని మాత్రం మనమే చూపించుకోవాల్సి వస్తుంది. మేము ఓడింది అక్కడే. మా దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు.

అందుకని తాండా బడుల్లో పనిచేసే టీచర్లకు, ఇంటరో డిగ్రీయో చదివి ఇంటిపట్టున ఉన్న మన పిల్లలకు ఒక పని అప్పగిస్తున్నాం. బెంగళూరికి బస్సెక్కే ప్రతి జంట సంచిలో ఒక నోటు పుస్తకం పెట్టండి. మొదటి పేజీలో సైటు ఉన్న చోటు, గేటు దగ్గర బోర్డు మీదుండే బిల్డరు పేరు, రెరా నంబరు రాయించండి. ఆ బోర్డును ఫోనులో ఫొటో తీసి ఊరికి పంపమనండి. తర్వాత రోజుకొక గీత. తేదీ, చేసిన పని, ముట్టిన డబ్బు. రాయడం రానివాళ్ళు రాత్రి ఫోను చేసి చెప్తే ఇక్కడ పిల్లలు రాసిపెట్టాలి. నాలుగో తరగతి పిల్లలకు ఇంతకన్నా మంచి లెక్కల పాఠం మేము చెప్పలేం. మేస్త్రీల చేత కూడా రాయించండి. వాళ్ళను కొట్టడానికి పోకండి, సాక్షులుగా తెచ్చుకోండి. మా బావ దగ్గర సబ్ కాంట్రాక్టరు సంతకం చేసిన కొలతల చీటీలు ఆరు ఉన్నాయని మొన్ననే తెలిసింది. మూడేళ్ళు ఆ చీటీలను పెట్టె అడుగున దాచుకుని రాత్రిళ్ళు తిరిగాడు. అడిగినవాళ్ళు లేరు.

గడువు ఇంకా పూర్తిగా దాటలేదు. ఈ పుస్తకం మీ చేతికొచ్చేసరికి ఏడు జంటల దరఖాస్తు రాయడం అయిపోయి ఉంటుంది. రాస్తున్నది ఆ 3,84,300 లెక్క తేల్చిన పిల్లే. ఆ ఏడాది చంటిబిడ్డను చూసుకునేదానికి బడి మాని పోయి, తర్వాత టీచరు బతిమాలి తెచ్చి మళ్ళీ కూర్చోబెడితే, ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతోంది. కొట్టివేతలు లేకుండా రాయాలని ఇప్పటికి నాలుగు కాగితాలు మార్చింది.